ఒక మెషీన్ పాస్ అంది, ఇంకోటి రెస్పాన్స్ లేదంది

పోయిన నెల ఇక్కడ చంటిపిల్లల వినికిడి పరీక్షల గురించి నాలుగు ముక్కలు రాశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బెరా గురించే. కొందరు రిపోర్టు ఫొటో తీసి పంపారు. ఒకాయన గ్రాఫును స్కెచ్ పెన్నుతో చేత్తోనే గీసి పంపారు, ఐదో అలను మాత్రం అచ్చు గుద్దినట్టు గీశారు.

బెరా అంటే ఏమిటో తెలియనివాళ్లకు ఒక్క మాట. చెవిలో శబ్దం పెడితే వినికిడి నాడిలోనూ మెదడు కాండంలోనూ అతి చిన్న విద్యుత్తు పుడుతుంది. తల మీద అంటించిన ఎలక్ట్రోడ్లతో దాన్ని పట్టే పరీక్షే బెరా. ఏబీఆర్ అన్నా ఇదే. పరీక్ష చేయించుకునేవాళ్లు చెయ్యెత్తక్కర్లేదు, బటన్ నొక్కక్కర్లేదు, నిద్రపోతే ఇంకా మంచిది. ఇరవై ఆరేళ్లుగా ఆడియాలజిస్టుగా ఈ మెషీన్ల ముందే కూర్చుంటున్నాను కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మా పాప నెలలు నిండకుండా పుట్టింది. కామెర్లు బాగా ఎక్కువై రక్తం మార్చారు. ఇప్పుడు నాలుగో నెల. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు చెవిలో చిన్న గొట్టం పెట్టి ఓఏఈ అనే పరీక్ష చేసి "పాస్" అన్నారు. పోయిన వారం బెరా చేస్తే రెండు చెవులకూ "90 డెసిబెల్స్ దగ్గర రెస్పాన్స్ లేదు" అని రాశారు. తలుపు దబాలున పడితే పాప ఉలిక్కిపడుతుంది, నా కళ్లతో చూశాను. ఈ రెండు మెషీన్లలో ఏది అబద్ధం చెబుతోంది? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, రెండూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఆ రెండు మెషీన్లు అడిగే ప్రశ్నలు వేరు.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా ఉంటుంది. అందులో బయటి వరస కేశకణాలు శబ్దం తగలగానే వణికి, తిరిగి తామే ఒక సన్నని శబ్దాన్ని బయటికి పంపుతాయి. చెవి వినడమే కాదు, చప్పుడు కూడా చేస్తుందని 1978లో డేవిడ్ కెంప్ చూపించాడు. ఓఏఈ మెషీన్ పట్టేది ఆ చప్పుడునే. అంటే ఆ కణాలు పనిచేస్తున్నాయా అని అడిగి, జవాబు రాగానే ఆగిపోతుంది. అక్కడి నుంచి కబురు నాడిలోకి ఎక్కిందా, మెదడు కాండం దాకా చేరిందా అన్నది దానికి తెలియదు. బెరా అడిగేది ఆ సంగతే.

ఓఏఈ ఉండి బెరా లేకపోతే మేం మొదట అనుమానించేది ఆడిటరీ న్యూరోపతి. కాక్లియా బాగానే ఉంటుంది గానీ నాడీ తంతువులు ఒకే క్షణంలో, ఒకే తాళంలో స్పందించవు. బెరా గ్రాఫులో అల లేవాలంటే వేల తంతువులు కలిసికట్టుగా ఒకేసారి మెరవాలి. అవి తలా ఒక సమయంలో మెరిస్తే అల చెదిరిపోయి గీత చదునుగా కనిపిస్తుంది. అంతమాత్రాన కబురు అసలు చేరడం లేదని కాదు. తలుపు చప్పుడుకు పాప ఉలిక్కిపడటం ఇలా కూడా జరగవచ్చు. పెద్ద శబ్దంతో పాటు నేల అదిరినా పిల్లలు ఉలిక్కిపడతారు గనుక దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. నెలలు నిండకపోవడం, రక్తం మార్చేంత కామెర్లు, పుట్టగానే ఊపిరి అందకపోవడం, ఇవన్నీ ఈ ఇబ్బందికి తెలిసిన కారణాలు. మీ పాపకు వాటిలో రెండు ఉన్నాయి. నిజానికి ఇలా ఐసీయూలో ఐదు రోజులకు మించి ఉన్న పిల్లలకు ఓఏఈ ఒక్కటే సరిపోదు. మొదటి పరీక్షే ఆటోమేటిక్ బెరాతో చేయాలని 2007 నుంచీ అమెరికాలోని సంయుక్త శిశు శ్రవణ సంఘం చెబుతోంది. ఆ సలహా పాటించి ఉంటే ఆ "పాస్" కాగితం మిమ్మల్ని మూడు నెలలు నిశ్చింతగా కూర్చోబెట్టేది కాదు.

ఇప్పుడు రిపోర్టు పట్టుకుని మీ ఆడియాలజిస్టును ఒక మాట అడగండి: "క్లిక్‌ను రెండు పొలారిటీల్లో విడివిడిగా ఇచ్చి చూశారా?" క్లిక్ అంటే పరీక్షలో చెవికి వినిపించే టక్కుమనే పొట్టి శబ్దం. ఇయర్‌ఫోన్ పొర ఒకసారి బయటికి కదిలితే గాలి నొక్కుకుంటుంది, ఇంకోసారి లోపలికి కదిలితే గాలి పలచబడుతుంది. కాక్లియాలో పుట్టే విద్యుత్తు శబ్దం ఎటు తిరిగితే అటు బోర్లా పడుతుంది. నాడిలో పుట్టే అల అలా బోర్లా పడదు. కాబట్టి రెండు గ్రాఫులనూ ఒకదాని మీద ఒకటి పెడితే, అద్దంలో నీడలా ఒకటి పైకి ఒకటి కిందికి లేచే చిన్న చిన్న అలలు మొదట్లో కనిపించి, ఆ తర్వాత ఏమీ లేకపోతే న్యూరోపతి అని గట్టిగా చెప్పవచ్చు. మొదట ఉన్న ఓఏఈ ఆ తర్వాత మాయమైపోయిన పిల్లల్లో కూడా ఈ గుర్తు మిగులుతుంది. చాలాచోట్ల అలవాటుగా రెండు పొలారిటీలనూ మార్చి మార్చి ఇచ్చి సగటు తీసేస్తారు. అప్పుడు బోర్లా పడేవి ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఈ గుర్తు కాగితం మీద మిగలకుండా పోతుంది.

కనిపించినదాన్ని కూడా వెంటనే నమ్మకూడదు. ఇయర్‌ఫోన్ నుంచి నేరుగా ఎలక్ట్రోడ్ తీగలోకి దూకిన కరెంటు కూడా అచ్చం ఇలాగే బోర్లా పడుతుంది. చెవిలోకి వెళ్లే రబ్బరు గొట్టాన్ని వేళ్లతో నులిమి శబ్దం ఆపి మళ్లీ చూడాలి. శబ్దం ఆగినా అలలు ఆగకపోతే అవి పాపవి కావు, మెషీన్‌వి.

న్యూరోపతి అని తేలితే బెరా అంకెను బట్టి పాప ఎంత వింటుందో చెప్పలేం. ఆరేడు నెలలకు శబ్దం వైపు తల తిప్పించి, బొమ్మ చూపించి చేసే పరీక్ష కుదురుతుంది. అసలు జవాబు అక్కడ దొరుకుతుంది. నెలలు తక్కువ పిల్లల్లో కొందరికి నాడి ముదిరేకొద్దీ అలలు తిరిగి కనిపించడం నేను చూశాను, కాబట్టి బెరా మళ్లీ చేయించాలి. అలా అని "రెండేళ్లు ఆగి చూద్దాం" అనేవాళ్ల మాట వినకండి. ఒకటో నెలలోపు వడపోత, మూడో నెలకు నిర్ధారణ, ఆరో నెలకు చికిత్స మొదలు అన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకున్న లెక్క. మీకింకా రెండు నెలలు చేతిలో ఉన్నాయి.

ప్రశ్న: మనవడు హాయిగా గురక పెడుతుంటే ఆ అమ్మాయి కంప్యూటర్ చూసి "40 దగ్గర వింటున్నాడండీ" అంది. నిద్రపోయేవాడు విన్నాడో లేదో యంత్రానికెలా తెలుస్తుంది? నేను రిటైరైన లెక్కల మాస్టారిని. పసివాడికి చెప్పినట్టు కాకుండా చెప్పండి. (ఒక తాతగారు)

జవాబు: మాస్టారూ, మీకిది నచ్చుతుంది. ఇందులో డాక్టరీ కన్నా లెక్కలే ఎక్కువ.

మెదడు నిద్రలో కూడా ఊరుకోదు. తల మీద ఎలక్ట్రోడ్ పెడితే పదుల మైక్రోవోల్టుల హోరు వినపడుతూనే ఉంటుంది. హాన్స్ బెర్గర్ మనిషి తల మీద ఆ హోరును పట్టి 1929లో ప్రచురించాడు. శబ్దం పెడితే ఆ గీతల్లో మార్పు వస్తుందని 1939లో పాలిన్ డేవిస్ మెలకువగా ఉన్నవాళ్లలో చూపించింది. మనకు కావలసిన మెదడు కాండపు జవాబు మాత్రం అర మైక్రోవోల్టు కూడా ఉండదు. సన్నని శబ్దానికైతే అందులో అయిదో వంతు. హోరున వాన కురుస్తుంటే చూరు నుంచి పడే ఒక్క బొట్టు చప్పుడు వినాలన్నమాట.

వినడానికి ఒక దారి ఉంది. ఆ బొట్టు ఎప్పుడు పడాలో నిర్ణయించేది మనమే. క్లిక్ ఇచ్చిన ప్రతిసారీ నాడి జవాబు అదే మిల్లీసెకనుకు వస్తుంది. వాన హోరుకు ఆ క్రమం లేదు, ఒకసారి ప్లస్ వైపు ఉంటే ఇంకోసారి మైనస్ వైపు ఉంటుంది. క్లిక్ క్లిక్‌కీ తర్వాతి పది పదిహేను మిల్లీసెకన్ల ముక్కను కత్తిరించి, రెండు వేల ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీయండి. హోరు ముక్కల సంఖ్యకు వర్గమూలం చొప్పున తగ్గుతుంది. రెండు వేలకు వర్గమూలం 45కి కాస్త తక్కువ. పది మైక్రోవోల్టుల హోరు పావు మైక్రోవోల్టుకు దిగివస్తుంది. జవాబు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇంకో సగం హోరు తగ్గాలంటే రెండు వేలు చాలవు, ఎనిమిది వేలు కావాలి. పిల్లాడు కదిలితే మేమెందుకు విసుక్కుంటామో ఈ లెక్కలో ఉంది.

ఇలా పేర్చే పద్ధతిని జార్జ్ డాసన్ 1951లో బయటపెట్టాడు. కంప్యూటర్లు చేతికొచ్చాక డొనాల్డ్ జ్యూవెట్, జాన్ విలిస్టన్ 1971లో మనిషి తల మీద, క్లిక్ తర్వాత పది మిల్లీసెకన్లలోపు వచ్చే ఏడు అలలను వర్ణించారు. వాటికి జ్యూవెట్ ఇచ్చిన రోమన్ అంకెలనే ఇప్పటికీ వాడుతున్నాం. మూడేళ్లకే, 1974లో, కర్ట్ హెకాక్స్, రాబర్ట్ గాలంబోస్ ఇది పసిపిల్లలకు పనికొస్తుందని చూపించారు.

ఏడింటిలో మాకు అక్కరకొచ్చేవి మూడే. మొదటిది నాడి చెవి నుంచి బయలుదేరే చోటిది, మూడోది మెదడు కాండంలో మొదటి మజిలీ దగ్గరిది, ఐదోది ఇంకా పైది. గట్టి క్లిక్‌కు పెద్దవాళ్లలో ఐదో అల ఐదున్నర, ఆరు మిల్లీసెకన్ల మధ్య వస్తుంది, అప్పుడే పుట్టిన బిడ్డలో ఏడు దాకా పోతుంది. ఏడాదిన్నర, రెండేళ్లకు పెద్దవాళ్లతో సమానమవుతుంది. శబ్దం తగ్గించేకొద్దీ అన్ని అలలూ చిన్నవై, వెనక్కి జరిగి, మాయమవుతాయి. చివరిదాకా నిలబడేది ఐదోదే. అది 40లో కనిపించి 30లో కనిపించలేదు కాబట్టి ఆ అమ్మాయి 40 అంది. "వింటున్నాడు" అనడం మాత్రం అలవాటుగా వచ్చిన మాట. మెదడు కాండం దాకా కబురు చేరిందని చెప్పడమే ఆ మెషీన్ పని. పైగా మామూలు వినికిడి ఉన్నవాళ్లలో కూడా ఆ అంకె, చెయ్యెత్తి చెప్పే వినికిడి కన్నా 10 నుంచి 20 డెసిబెల్స్ ఎక్కువే చూపిస్తుంది. అది తీసేశారో లేదో రిపోర్టులో చూడండి. "ఎన్‌హెచ్ఎల్" అని ఉంటే తీయలేదు, "ఈహెచ్ఎల్" అని ఉంటే తీసేసి రాశారు.

ప్రశ్న: బాబుకు రెండున్నరేళ్లు. మాటలు రాలేదు. బెరాకు మూడుసార్లు వెళ్లాం, మూడుసార్లూ నిద్రపోలేదు. మత్తు ఇస్తామంటున్నారు. మత్తులో చెవి కూడా మత్తుగా ఉండదా? మాకు చాలా టెన్షన్‌గా ఉంది. (ఒక తండ్రి)

జవాబు: మత్తుకూ నిద్రకూ బెరా అలలు దాదాపు చలించవు. ఆ పరీక్ష ఇన్నేళ్లు నిలబడింది కూడా అందుకే. ఏఎస్ఎస్ఆర్ అనే ఇంకో పరీక్ష ఉంది, ఊగే స్వరాలను వినిపించి చేస్తారు. అందులో సెకనుకు 40 సార్లు ఊగే పద్ధతి నిద్రలో మందగిస్తుంది, 80కి పైన ఊగేది మందగించదు. పిల్లలకు వాడేది ఆ రెండోదే.

మత్తు మాత్రం డాక్టరు ఎదురుగా ఉండి, ఆక్సిజన్ ఎంతుందో చూసే పరికరం వేలికి పెట్టి, లేచేదాకా కనిపెట్టుకునే చోటే ఇవ్వాలి. ఇంట్లో సిరప్ తాగించి తీసుకురమ్మనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. ఎన్ని గంటల ముందు నుంచి పాలు, తిండి ఆపాలో వాళ్లు చెప్పింది చెప్పినట్టు పాటించండి. "పాపం ఏడుస్తున్నాడు" అని దారిలో నాలుగు గుక్కలు పట్టించిన అమ్మమ్మ వల్ల ఒక పరీక్ష రద్దయింది నా దగ్గర.

మత్తుకు ముందు మధ్య చెవి పరీక్ష, అదే టింపనోమెట్రీ, చేయించండి. లోపల నీరు ఉంటే అలలన్నీ వెనక్కి జరుగుతాయి. అది తెలియకుండా మత్తు ఇస్తే, నీరు తగ్గాక మళ్లీ మత్తు ఇవ్వాల్సి వస్తుంది. ఇంకొకటి. బాబు మధ్యలో లేచినా ఏదో ఒకటి చేతికి రావాలంటే ఒక చెవి పూర్తిచేసి రెండోదానికి పోకూడదు. రెండు చెవుల్లోనూ ముందు 2000 హెర్ట్జ్ చూసి, ఆ తర్వాత 500, ఆ తర్వాత మిగతావి చూడాలి. ఇది మీ పని కాదు, చేసేవాళ్ల పని. అయినా అడగండి, తప్పులేదు.

ప్రశ్న: మేడమ్, నేను ఆడియాలజీ మూడో సంవత్సరం. సన్న శబ్దాల దగ్గర ఐదో అల ఉందో లేదో తేల్చుకోలేకపోతున్నాను. సార్ "మబ్బుల్లో ఏనుగుల్ని చూడకు" అంటారు. మీరెలా తేలుస్తారు?

జవాబు: మీ సారు మాట నాకు బాగా నచ్చింది. ఆ ఏనుగులను నేనూ బోలెడు చూశాను.

మూడు సంగతులు గుర్తుపెట్టుకో. రెండుసార్లు తీసిన గ్రాఫులు ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. అల అక్కడికి వరసగా జరుగుతూ రావాలి: 60లో 6.8కి, 40లో 7.6కి వచ్చిన అల 30లో 7.1కి వచ్చిందంటే అది అల కాదు. మూడోది చాలామంది మరిచిపోతారు. "రెస్పాన్స్ లేదు" అని రాయాలంటే గీత నిజంగా చదునుగా ఉండాలి. మిగిలిన హోరే అల ఎత్తున ఎగుడుదిగుడుగా ఉంటే "లేదు" అని రాసే హక్కు నీకు లేదు, "తేలలేదు" అని రాయి. మిగిలిన హోరు ఎంతో మెషీనే చూపిస్తుంది. క్లౌస్ ఎల్బర్లింగ్, మాన్యుయెల్ డాన్ అనే ఇద్దరు 1984లో ఎఫ్ఎస్‌పీ అనే లెక్క ఇచ్చారు. అల బలాన్ని హోరు బలంతో పోల్చి చెప్పే అంకె అది. చాలా మెషీన్లలో అది గానీ దాని తమ్ముడు ఎఫ్ఎంపీ గానీ ఉంటుంది. కళ్లతో చూసి నిర్ణయించుకున్నాకే ఆ అంకె చూడు. ముందే చూస్తే కళ్లు దానికి లొంగిపోతాయి.

ఇక నా కథ ఒకటి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు. ఆరు నెలల బిడ్డ, బంగారంలాంటి నిద్ర. కుడి చెవిలో 30 దాకా అలలు ముత్యాల్లా వచ్చాయి. ఎడమ చెవిలో 90లో కూడా చదునైన గీత. రెండుసార్లు తీశాను, హోరు కూడా తక్కువే. నువ్వు పుస్తకంలో చదివే అన్ని షరతులూ తీరాయి. "ఎడమ చెవికి తీవ్ర లోపం" అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. వాళ్లు వెళ్లిపోయాక సామాను సర్దుతుంటే ఎడమ గొట్టం కొసన గట్టిపడిన గుబిలి కనిపించింది. అంతకుముందు వచ్చినవారిది. ఆ బిడ్డ చెవిలోకి శబ్దమే వెళ్లలేదు. వాళ్లను పట్టుకుని మళ్లీ పిలిపించేసరికి రెండు రోజులు గడిచాయి. ఆ తల్లి ముఖం చూసే ధైర్యం లేక కాసేపు తలుపు బయటే నిలబడ్డాను. మళ్లీ చేస్తే ఎడమ చెవి కూడా 30.

అప్పటి నుంచి ప్రతి బిడ్డకు ముందు రెండు గొట్టాలనూ నా చెవిలో పెట్టుకుని క్లిక్ వింటాను. అర నిమిషం పని. నా దగ్గర పనిచేసే పిల్లలు మొదట్లో నవ్వుకున్నారు, ఇప్పుడు వాళ్లూ వింటున్నారు.

ప్రశ్న: ఈఎన్‌టీ క్లినిక్‌లో బెరా పెట్టాలనుకుంటున్నాను. అమ్మేవాళ్లు ముగ్గురు వచ్చి మూడు రకాలుగా చెప్పారు. ఒకరిది చేతిలో పట్టే ఆటోమేటిక్ పెట్టె, పాస్ లేదా రిఫర్ అని అదే చెబుతుందట. ఏం చూసి కొనాలి?

జవాబు: డాక్టరు గారూ, ఆ పెట్టె వడపోతకు చక్కటిది. సాధారణంగా 35 డెసిబెల్స్ దగ్గర క్లిక్ ఇచ్చి, వచ్చిన గీతను తనలో దాచుకున్న నమూనాతో పోల్చి తీర్పు చెబుతుంది. రిఫర్ అయిన బిడ్డకు తర్వాత ఏం చేయాలో దానికి తెలియదు. మీరు నిర్ధారణ కూడా చేయాలనుకుంటే అది సరిపోదు.

నిర్ధారణ మెషీన్లో నేను మొదట చూసేది శబ్దాల సంగతి. క్లిక్ ఒక్కటే ఉంటే వద్దు. 100 మైక్రోసెకన్ల క్లిక్ ముఖ్యంగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ దాకా ఉన్న భాగం గురించే చెబుతుంది. కింది స్వరాలు బాగా వినే బిడ్డ, పైవి పోతే, క్లిక్‌కు చదునైన గీత ఇవ్వగలడు. 500, 1000, 2000, 4000లకు విడివిడిగా టోన్ బర్స్ట్‌లు, అంటే ఒక్కో స్వరంతో చేసిన పొట్టి శబ్దాలు, ఉండాలి. 500 హెర్ట్జ్ అల ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఒక్కో శబ్దం తర్వాత రికార్డు చేసే కిటికీని 20 మిల్లీసెకన్లకు పైగా తెరవగలిగేలా ఉండాలి. చిర్ప్ ఉంటే సంతోషం. కాక్లియాలో కింది స్వరాల చోటుకు శబ్దం ఆలస్యంగా చేరుతుంది గనుక వాటిని ముందు బయలుదేరదీసి అన్నీ ఒకేసారి చేరేలా కూర్చిన శబ్దం అది. అలలు పెద్దవిగా వస్తాయి, బిడ్డ నిద్ర కలిసొస్తుంది.

ఎముక ద్వారా శబ్దం పంపే వైబ్రేటర్ తప్పనిసరి. లోపం మధ్య చెవిలోనిదా, లోపలిదా అన్నది దానితోనే తేలుతుంది. అది 50, 60 డెసిబెల్స్ దాటి ఇవ్వలేదు, ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి. పొలారిటీలు విడివిడిగా నిల్వ చేయగలగాలి, ఎందుకో మొదటి ఉత్తరంలో చెప్పాను. తెర మీద పచ్చి ఈఈజీ, అంటే సగటు తీయని మెదడు హోరు, కదులుతూ కనిపించాలి. అది కనిపించని మెషీన్ దగ్గర కూర్చుంటే కళ్లకు గంతలు కట్టుకుని బండి నడిపినట్టే ఉంటుంది.

గొట్టం ద్వారా చెవి లోపలికి శబ్దం పంపే ఇన్సర్ట్ ఇయర్‌ఫోన్లు తీసుకోండి. శబ్దం ఆ గొట్టం దాటడానికి దాదాపు 0.9 మిల్లీసెకను పడుతుంది. ఈలోపు ఇయర్‌ఫోన్ కరెంటు చిందులు ముగిసిపోయి మొదటి అల శుభ్రంగా కనిపిస్తుంది. ఆ ఆలస్యాన్ని సాఫ్ట్‌వేర్ తీసేస్తోందో లేదో మాత్రం కనుక్కోండి. తీసేయకపోతే ప్రతి రోగికీ నాడి మందగించినట్టు కనిపిస్తుంది.

మెషీన్ మీద పెట్టేంత శ్రద్ధ గది మీదా పెట్టండి. చప్పుడు లేని గది అందరూ అడుగుతారు, కరెంటు చప్పుడు లేని గది ఎవరూ అడగరు. విడిగా ఎర్తింగ్ వేయించండి. లిఫ్ట్ మోటారు, యూపీఎస్, ఎక్స్‌రే గదికి గోడ ఇవతల పెట్టకండి. నేను ఒకచోట ప్రతి మధ్యాహ్నం గీతల్లో జీరను చూసి మెషీన్‌నే తిట్టుకునేదాన్ని. మంచాన్ని రెండు మూరలు ఇవతలికి జరిపితే పోయింది. గోడలో తీగల కట్ట ఉందట. పరీక్షప్పుడు సెల్‌ఫోన్ గది బయటే ఉండాలి, తల్లిదైనా సరే.

ఎలక్ట్రోడ్ల కింద చర్మాన్ని గరుకు జెల్‌తో రుద్ది ఇంపిడెన్స్‌ను, అంటే అక్కడ కరెంటుకు ఎదురయ్యే అడ్డును, ఐదు కిలోఓమ్‌ల లోపుకు తేవాలి. అంతకన్నా ముఖ్యం, అన్నిటికీ ఇంచుమించు ఒకే అంకె రావాలి. నుదుటిది ఒకటి, చెవి వెనకది ఎనిమిది ఉంటే బయటి కరెంటును యాంప్లిఫయర్ కొట్టేయలేదు. తీగలను జడలా అల్లి ఉంచండి. క్లిక్‌లు సెకనుకు 21.1, 27.7 లాంటి వంకర అంకెల్లో ఎందుకుంటాయని ఎవరైనా అడిగితే ఇలా చెప్పండి: కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట సరిగ్గా 25 క్లిక్‌లు ఇస్తే ప్రతి క్లిక్‌కీ కరెంటు అల ఒకేచోట దొరుకుతుంది, సగటులో ఎన్ని వేలు పేర్చినా పోదు.

ఏడాదికోసారి క్యాలిబ్రేషన్ చేయించే ఒప్పందం కాగితం మీద ఉందా చూడండి. మామూలు ఆడియోమీటర్‌కు చేసే మనిషే దీనికీ చేస్తానంటే, ఇంత పొట్టి శబ్దాలను కొలిచే సరంజామా ఉందా అని అడగండి.

ప్రశ్న: వయసు 52. ఎడమ చెవిలో హోరు, కాస్త వినికిడి తగ్గింది. బెరా నార్మల్ వచ్చింది. అయినా డాక్టరు ఎంఆర్ఐ రాశారు. అనవసరంగా రాశారా?

జవాబు: అనవసరం కాదు. ఒక్క వైపే హోరు, ఒక్క వైపే లోపం ఉంటే నాడి మీద పెరిగే గడ్డ లేదని తేల్చుకోవాలి. ఐదో అల రెండు చెవుల్లో వచ్చే సమయాల తేడా చూసి ఒకప్పుడు బెరాతోనే అనుమానించేవాళ్లం. పెద్ద గడ్డలను అది బాగానే పడుతుంది. సెంటీమీటరు కన్నా చిన్నవి దాని కన్నుగప్పుతాయి. రంగు మందు ఎక్కించి తీసే ఎంఆర్ఐ ఒకసారి చేయించుకోండి. ఇలా ఎంఆర్ఐకి వెళ్లేవాళ్లలో ఎక్కువమందికి గడ్డ ఉండదు.

ప్రశ్న: మా తమ్ముడు పనిచేసే చోట పేలుడు జరిగి చెవులు దెబ్బతిన్నాయి. నష్టపరిహారం ఇచ్చేవాళ్లు "నటిస్తున్నాడు" అంటున్నారు. బెరాతో నిజం నిరూపించవచ్చా?

జవాబు: కొంతవరకు. పెద్దవాళ్ల విషయంలో నేనైతే బెరాకు తోడు కార్టెక్స్ జవాబు పరీక్ష చేయించమంటాను. స్వరం వినిపించాక దాదాపు 100 మిల్లీసెకన్లకు ఒక కింది అల, 200 దగ్గర ఒక పై అల మెదడు పైపొర నుంచి వస్తాయి. ఒక్కో స్వరానికి విడివిడిగా చేయవచ్చు. వచ్చే అంకె అసలు వినికిడికి దగ్గరగా ఉంటుంది. ఇందులో మాత్రం నిద్రపోకూడదు, మెలకువగా ఏదైనా చదువుకుంటూ కూర్చోవాలి. విననట్టు నటించేవాడు బటన్ నొక్కకుండా ఉండగలడు గానీ ఈ అలను ఆపలేడు. మెడ బిగించి, పళ్లు కొరికి హోరు పెంచగలడు, అది తెర మీద వెంటనే తెలిసిపోతుంది.

మీ తమ్ముడికి ఒక్క మాట చెప్పండి. మామూలు ఆడియోమెట్రీలో ప్రతిసారీ ఒకే రకంగా, నిజంగా వినబడినప్పుడల్లా బటన్ నొక్కమనండి. "తక్కువ నొక్కితే కేసు గట్టిపడుతుంది" అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఆ రెండు అంకెలూ కలవకపోతే నిజంగా ఉన్న లోపాన్ని కూడా ఎవరూ నమ్మరు.

ప్రశ్న: తలకు తీగలు పెడతారు కదా, షాక్ కొట్టదా? జుట్టు తీసేస్తారా?

జవాబు: ఆ తీగలు తల నుంచి కరెంటును తీసుకుంటాయే గానీ పంపవు. ఎలక్ట్రోడ్ సరిగ్గా అంటిందో లేదో చూసేటప్పుడు మాత్రం ఒక్క క్షణం అతి స్వల్పంగా పంపుతాయి, అది ఎవరికీ తెలియదు. జుట్టు తీయరు. ఆ రోజు తలకు నూనె మాత్రం రాయకండి, ఎలక్ట్రోడ్ జారిపోతుంది.